అతుకు లేని బండి

పాత బండి కిందికి దూరే ముందు ఆయన కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. చూడటానికి వెళ్ళే మనిషి కళ్ళజోడు తీసెయ్యడమేమిటని అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. కింద చూసే పని తక్కువ, తడిమే పనీ వినే పనీ ఎక్కువ. అదంతా మాటల్లో పెట్టడం చేతకాక ఊరుకుంటాడు. ఆ రోజు పొద్దున కూడా అలాగే కళ్ళజోడు జేబులో వేసుకుని, చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని, మడమలతో నేలను తన్నుకుంటూ బండి కిందికి జరిగాడు. కుడిచేతిలో అరచెయ్యంత సుత్తి ఉంది.

ఠంగ్. జానెడు జరిగి, మళ్ళీ ఠంగ్.

మంచి ఇనుము గంటలా పలుకుతుంది. లోపల తుప్పు తిన్నది డబ్బా మూతలా పలుకుతుంది. పుట్టీ పూసి, పైన రంగేసి దాచిన చోట అసలు పలకనే పలకదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ మూడు చప్పుళ్ళ మీదే ఆయన బతుకు వెళ్ళిపోతోంది. ఎడారి దాటాలనో, కొండలెక్కాలనో, రోడ్డనేదే లేనిచోట నెలల తరబడి తిరగాలనో సరదా పుట్టినవాళ్ళలో కొత్త జీపు కొనే స్తోమత అందరికీ ఉండదు కదా. పాతదాన్నొకదాన్ని చూసుకుని, కొనబోయే ముందు ఈయన్ని వెంటబెట్టుకు వెళతారు. ఈయన సరేనంటే కొంటారు. తల అడ్డంగా ఊపితే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. షెడ్ల వీధిలో అందరూ ఆయన్ని సుత్తాయన అంటారు. "మాట్లాడి సుత్తి కొట్టేవాళ్ళని చూశాం గానీ, నోరు మెదపకుండా సుత్తి కొట్టే మనిషిని ఈయన్నే చూశాం" అని ఎదురుగానే నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు.

ఇంతమందిని అంతంత దూరాలు సాగనంపిన మనిషి తాను మాత్రం ఊరు దాటి రెండు రోజుల దూరం వెళ్ళి ఎరగడు.

ఆ రోజు బండి కొనబోతున్నది పరాయివాళ్ళు కారు, సాక్షాత్తూ ఆయన తోడల్లుడే. రైల్వేలో టిక్కెట్ కలెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ముప్ఫై ఏళ్ళు ఇతరుల ప్రయాణాలు తనిఖీ చేసి చేసి విసుగెత్తి, ఇప్పుడు తన ప్రయాణం తాను చేస్తానని పట్టుబట్టాడు. నాలుగు నెలల ప్రయాణం. ఇసుక మైదానాలు దాటి, కనుమల మీదుగా ఉప్పు సరస్సు దాకా వెళ్ళి రావాలి. తోడల్లుడు, ఆయన భార్య, వాళ్ళతోపాటు సుత్తాయన భార్య కూడా. "అక్క రాకపోతే నేనూ రాను. నాలుగు నెలలపాటు ఈయన పాటలు నేనొక్కదాన్నే వినలేను" అని మరదలు ముందే తేల్చేసింది.

సుత్తాయన మాత్రం వెళ్ళడం లేదు. "షెడ్డు ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆ షెడ్డులో చూసుకోవలసినంత ఏమీ లేదని అందరికీ తెలుసు.

ఆ షెడ్డులో సగం ఆవిడది. ఒక మూల లావు సూది మిషను పెట్టుకుని జీపులకు కాన్వాసు కప్పులు, గుడారాలు, సామాన్ల సంచులు కుడుతుంది. కుట్టి ఇచ్చినప్పుడు కొత్త ఆకులా ఉండే కాన్వాసు ఏడాది తిరిగేసరికి ఎండకు వెలిసిపోయి, అంచులు చిరిగి, మాసిక కోసం తిరిగి వచ్చేది. దాన్ని దులిపితే ఎక్కడెక్కడి ఇసుకో రాలేది. ఊడ్చి పారెయ్యకుండా ఆవిడ ఆ ఇసుకని వేళ్ళ మధ్య నలిపి చూసేది. "ఇది ఎక్కడిదండీ?" అని వచ్చినవాళ్ళని అడిగేది. వాళ్ళు చెబుతుంటే మిషను ఆపి వినేది. ఉప్పు సరస్సు సంగతి తెలిసింది కూడా అలాగే. అక్కడ వాన పడ్డాక నేలంతా అద్దమైపోయి, కాళ్ళ కింద మబ్బులు కనబడతాయట.

ఇప్పటికి ఆరు బళ్ళు చూశారు. ఒకటి వరదలో మునిగి తేలినది. తివాచీ ఎత్తి సీటు మేకులకి పట్టిన తుప్పు చూడగానే తెలిసిపోయింది. ఇంకోదాని గేరుబాక్సు నూనెను వేళ్ళతో రుద్దితే ఇనుప రజను తగిలింది. ఇంకోదాని యజమాని వీళ్ళు వచ్చేలోపే ఇంజను వేడి చేసి కూర్చున్నాడు. చల్లారిన ఇంజను ఎలా లేస్తుందో చూడనివ్వనివాడి దగ్గర కొనకూడదని సుత్తాయన పట్టుదల. మిగతా మూడింటిదీ అదే కథ. ఆరింటికీ తల అడ్డంగానే ఊగింది. ఆ ఊగడంలో అబద్ధం లేదు, నిజంగానే అవి పనికిరానివి. కానీ ఎండలు ముదరక ముందే బయల్దేరాలి, రెండు వారాలు దాటితే ఈ ఏడాదికి ప్రయాణం లేనట్టే. "ఇంకో ఏడాదంటే నా మోకాళ్ళు ఒప్పుకోవండీ" అంది భార్య నిన్న, మామూలుగానే. అందుకే ఈ ఏడో బండి కోసం నలుగురూ తెల్లవారుతూనే బస్సెక్కి పక్క ఊరు వచ్చారు. ఇది కుదిరితే ఆవిడ వెళుతుంది, కుదరకపోతే ఇక ఎప్పటికీ వెళ్ళదు.

ఠంగ్. ఠంగ్. ఇంతవరకూ ఒక్క చోట కూడా శ్రుతి తప్పలేదు.

కుడివైపు ముందు చక్రం వెనక, బండినంతా మోసే ఇనప చట్రం, చాసిస్ మీద నంబరు కొట్టి ఉండే చోటుకి వచ్చాడు. మడ్డి పట్టి ఉంది. ఇనప బ్రష్షుతో గీకి, బొటనవేలితో తుడిచాడు. అంకెలు ఒక్కొక్కటీ వేలికి తగిలాయి. చివరి నాలుగూ తగిలేసరికి చెయ్యి అక్కడే ఆగిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని, టార్చి వేసి చూశాడు. అదే.

రంగు మారింది. అప్పట్లో ఆకుపచ్చ, ఇప్పుడు ఇసుక రంగు. కానీ నంబరు అదే, బండీ అదే.

పద్దెనిమిదేళ్ళ కిందట ఈ బండిని మొగుడూ పెళ్ళాలిద్దరూ తమ కోసం బేరం చేసుకున్నారు. ఇంట్లో ఉండేది ఇద్దరే, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. ఆయన ఇలాగే కిందికి దూరి, ఈ కొస నుంచి ఆ కొసకి రెండుసార్లు మోగించాడు. అంత మంచి చాసిస్ ఆయన అంతకుముందు చూడలేదు. ఇంజను కూడా తీగలూ కంప్యూటర్లూ లేని పాతకాలపు సాదా ఇంజను, ఏ పల్లెలో ఆగినా సుత్తీ పానాలతో బాగుచేసుకోవచ్చు. వంక పెట్టడానికేమీ లేదు. బయటికి వచ్చేసరికి భార్య చేతిసంచీ గుండెకి అదుముకుని నిలబడి ఉంది. "ఎలా ఉందండీ?" అంది. ఆ మొహం చూశాడు. అంతే. "చాసిస్‌లో అతుకుంది. ఎక్కడో విరిగితే వెల్డింగు చేసి రంగేశారు. పనికిరాదు" అన్నాడు. ముందుగా అనుకున్న మాట కాదది. నోట్లోంచి వచ్చేసింది.

దానికి నెల ముందు, ఆయన బాగుందని చెప్పిన బండిలో వెళ్ళిన ఒక జంట లారీ మీద తిరిగొచ్చారు. రాయికి గుద్దుకుని ఇరుసు విరిగిందట. నీళ్ళు లేకుండా ఐదు రోజులున్నారట. నీ తప్పేముందయ్యా అన్నారు అందరూ, వాళ్ళు కూడా అదే అన్నారు. కానీ ఆ కుర్రాడు గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఆగకుండా వణికింది. సుత్తాయన దాన్ని మరిచిపోలేకపోయాడు.

అబద్ధం ఒక్కదానితో ఆగితే బాగుండేది. ఆ బండిని తరవాత ఒక భూగోళం మాస్టారు కొన్నాడని తెలిసి భార్య గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, పాపం ఆయనకి తెలీదేమోనండీ, వెళ్ళి చెప్పిరండి" అని వెంటపడింది. ఈయన చొక్కా తొడుక్కుని, వీధి చివరిదాకా వెళ్ళి, కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. "చెప్పాను, వినలేదు" అన్నాడు. ఆ తరవాత మాస్టారు ఎక్కడికి వెళ్ళొచ్చాడని విన్నా ఆవిడ ఊపిరి పీల్చుకునేది. వచ్చినవాళ్ళందరికీ చెప్పేది: "నలుగురు మెకానిక్కులు చూసి బాగుందన్న బండండీ. ఈయన చెవికి మాత్రం దొరికిపోయింది. లేకపోతే మేమిద్దరం ఏ ఎడారిలోనో ఎండిపోయేవాళ్ళం!" అలా చెబుతున్నప్పుడల్లా ఈయన ఏదో పానా వెతుక్కోవడానికన్నట్టు లోపలికి వెళ్ళిపోయేవాడు.

బండి కింద నుంచి ఆయన చాలాసేపు రాలేదు.

"అన్నగారూ, నిద్రపోయారా?" అని పైనుంచి తోడల్లుడు వంగి చూశాడు.

"వస్తున్నా" అన్నాడు.

వచ్చాడు. వచ్చి, చెయ్యాల్సినవన్నీ ఒకటీ వదలకుండా చేశాడు. బానెట్ ఎత్తి ఇంజను మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. తాళం తిప్పితే రెండో ఊపుకే లేచింది. పొగ గొట్టం దగ్గర తెల్ల గుడ్డ పట్టుకుంటే మసి తప్ప నూనె మరక పడలేదు. కమాను పట్టీలు ఒక్కటీ విరగలేదు. నాలుగు టైర్లూ సమానంగా అరిగాయి. ఇంటి వెనక కంకర గుట్ట ఉంటే చిన్న గేరు రాడ్డు వేసి దాని మీదికి ఎక్కించాడు. ముసలి బండి గొణుక్కుంటూనైనా తూలకుండా ఎక్కి దిగింది. అంతసేపూ తోడల్లుడు వెంట తిరుగుతూ "ఎలా ఉందంటారు?" అని ప్రతి రెండు నిమిషాలకీ అడుగుతూనే ఉన్నాడు. ఈయన "చూద్దాం" అంటున్నాడు.

బండి అమ్ముతున్నది మాస్టారి కూతురు. కొన్నాళ్ళకి ఊరు మారి ఇక్కడికి వచ్చేసిన మాస్టారు నిరుడు పోయారు, కూతుర్ని వీళ్ళెప్పుడూ చూడలేదు. ఆవిడ వెనక తలుపు తెరిచి, "బండితోపాటు ఇవి కూడా ఇచ్చేస్తున్నామండీ" అని సామాన్లు దింపించింది. రెండు నీళ్ళ డబ్బాలు, పార, తాడు, అడుగున మడతపెట్టిన కాన్వాసు కప్పు. కాన్వాసు చూస్తే చెయ్యి ఊరుకోదు కదా, సుత్తాయన భార్య దాన్ని అరుగు మీద పరిచింది. ఎండకు వెలిసి బూడిద రంగుకి వచ్చింది. ఒక మూల మడత తీసి, కుట్టు మీద వేలు పెట్టి, అలాగే కూర్చుండిపోయింది.

"ఏమైందక్కా?" అంది చెల్లెలు.

"ఇది నేను కుట్టిందే."

బేరం కుదరకముందే, ఆశ ఆగక, ఆవిడ ఆకుపచ్చ బండికి కొలతలు తీసుకుని కుట్టేసిన కప్పు అది. తమకెలాగూ అక్కర్లేకపోయింది కనక, కనీసం ఎండైనా తగలకుండా ఉంటుందని మాస్టారికి పంపించేసింది. మూలల్లో రెండు వరసల కుట్టు మీద ఇంకో అడ్డకుట్టు ఆవిడ తప్ప ఎవరూ వెయ్యరు.

ఆవిడ లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. కప్పుని మడతపెట్టడం మొదలుపెట్టింది. "ఇది ఆ బండేనే. రంగు మార్చారు గానీ అదే. మీ బావగారు అతుకుందని వద్దన్నారే, అది. ఇంకేం చూస్తాం, పదండి పోదాం."

"అతుకేమిటండీ?" అంది మాస్టారి కూతురు, తెల్లబోయి. "పదిహేడేళ్ళు తిరిగారు మా నాన్న ఇందులో!"

"మీ నాన్నగారికి ఈయన వెళ్ళి మరీ చెప్పారమ్మా. ఆయనే వినలేదు. పోనీలే, దేవుడు చల్లగా చూశాడు. అన్నిసార్లూ అలాగే చూస్తాడా?" భర్త వైపు తిరిగి నవ్వింది. "పాపం, పొద్దుట్నించీ చెప్పలేక తిప్పలు పడుతున్నట్టున్నారు. నేనేం ఏడవనులెండి. ప్రాప్తం లేదంతే."

తోడల్లుడి మొహం వాడిపోయింది. మరదలు తన సంచీ అందుకుంది.

సుత్తాయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నోరు విప్పక్కర్లేదు, తల ఊపక్కర్లేదు. ఊరికే అలా నిలబడితే చాలు, అందరూ బస్సెక్కేస్తారు. రేపటి నుంచి ఆవిడ మళ్ళీ ఆ మూల కూర్చుని ఎవరి ఇసుకో దులుపుతుంది. ఈయన చెవి గురించి నలుగురికీ ఇంకా గొప్పగా చెబుతుంది. ఊరుకోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

"అతుకు లేదు" అన్నాడు.

"ఆఁ?"

"ఈ బండికి అతుకు లేదు."

"అప్పుడు ఉందన్నారు కదండీ."

"అప్పుడూ లేదు."

వీధిలో ఎవరో సైకిలు మీద వెళుతూ బెల్లు కొట్టారు. తోడల్లుడు ఏదో అనబోతే మరదలు మోచేతితో పొడిచింది. భార్య కప్పుని అరుగు మీద పెట్టింది. పెట్టి, నడుచుకుంటూ వచ్చి, చక్రాల పలకని చెప్పుతో తనవైపు లాక్కుంది.

"నాకు చూపించండి" అంది.

"నువ్వెందుకు, మోకాళ్ళు..."

"చూపించండి."

మోకాళ్ళు పట్టుకుంటూ కూర్చుని, శాలువా తలకింద పెట్టుకుని, ఆవిడ పలక మీద పడుకుంది. ఆయన పక్కనే ఒక అట్టముక్క వేసుకుని ఆవిడతోపాటు లోపలికి జరిగాడు. ఇన్నేళ్ళు ఒక్క షెడ్డులో బతికి, ఇద్దరూ కలిసి ఒక బండి కిందికి దూరడం అదే మొదలు. ఆయన టార్చి పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి చాపితే సుత్తి ఇచ్చాడు.

ముందు నుంచి మొదలుపెట్టి ఆవిడ కొట్టుకుంటూ వచ్చింది. మొదట భయం భయంగా, తరవాత గట్టిగా. గంటలా పలుకుతూనే ఉంది.

"ఎక్కడుందన్నారు అతుకు?"

వెనక కమాను బిగించే చోటు చూపించాడు. అక్కడ మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ పలికింది.

"మాస్టారికి చెప్పానన్నారు?"

"చెప్పలేదు."

"ఎందుకండీ ఇదంతా?"

"భయమేసింది." ఆ మాట దాకా రావడానికి ఆయనకి పద్దెనిమిదేళ్ళు పట్టింది, అనడానికి మాత్రం అరక్షణం కూడా పట్టలేదు. "ఎక్కడో ఏదో విరుగుతుంది. నువ్వు నా మొహం వంక చూస్తావు. నాకేమీ తోచదు. అదే కళ్ళకి కట్టేది."

ఆవిడ సుత్తిని పొట్ట మీద పెట్టుకుని పైకి చూస్తూ ఉంది. తిడితే బాగుండునని ఆయన అనుకున్నాడు. ఒక్కసారి నోరారా తిట్టేస్తే తన పాపం కొంతైనా తీరేది.

"భయమేస్తోందని అప్పుడే చెప్పుంటే సరిపోయేది కదండీ" అంది చివరికి. "నేనేం అనేదాన్ని? సరే అని ఊరుకునేదాన్ని. లేకపోతే ఇద్దరం భయపడుతూనే వెళ్ళేవాళ్ళం. ఇన్నేళ్ళూ ఈ బండిని ఆడిపోసుకున్నాను." చాసిస్ మీద అరచెయ్యి పెట్టింది. "మీ గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నానో నలుగురికీ."

ఆయన టార్చి ఆర్పేశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూడలేక కాదు, తన కళ్ళు ఆవిడకి కనబడకూడదని.

బండి కొన్నారు. తోడల్లుడు నడుపుతుంటే ఆ బండిలోనే నలుగురూ తిరిగొచ్చారు. దారి పొడుగునా తోడల్లుడు పాట పాడుతూనే ఉన్నాడు, ఎవరూ ఆపమనలేదు. ఇంటికొచ్చాక ఆవిడ కప్పు మీద చిరుగులకు మాసికలు వేసుకుంది. సుత్తాయన తొమ్మిది రోజులు కూర్చుని నూనెలు మార్చాడు, బెల్టులు మార్చాడు, ప్రతి బోల్టూ విప్పి బిగించాడు. ఇంట్లో మాటలు ఎప్పటిలాగే సాగాయి. అన్నం పెట్టమంటే పెట్టింది, మందులు గుర్తుచేసింది. షెడ్డుకి ఎవరొచ్చినా చెప్పే ఆ కథ మాత్రం ఇక చెప్పలేదు. ఒకరోజు పాత ఖాతాదారు ఒకడు "అమ్మా, ఆ అతుకు సంగతి మావాడికోసారి చెప్పండి" అని అడిగితే, "అది మరిచిపోయానండీ" అని మిషను తొక్కుకుంది. సుత్తాయన ఆ పూట అన్నం సగంలో లేచేశాడు.

బయల్దేరే రోజు పొద్దున మంచు పడుతోంది. వీధి వాలుగా ఉంటుంది కనక, దొర్లిపోకుండా సుత్తాయన ముందురోజు సాయంత్రమే వెనక చక్రానికి ఒక చెక్కదిమ్మ ఆనించి ఉంచాడు. సామాన్లన్నీ ఎక్కించాక తోడల్లుడు స్టీరింగు ముందు కూర్చుని, తల బయటపెట్టి అన్నాడు:

"అన్నగారూ, వెనక ఇంకో మనిషికి చోటుంది. రెండు చొక్కాలు పట్టుకుని ఎక్కేయండి. షెడ్డేం పారిపోతుందా?"

సుత్తాయన భార్య వంక చూశాడు. ఆవిడ అప్పటికే వెనక సీట్లో కూర్చుని శాలువా సర్దుకుంటోంది.

"ఆయన్ని బలవంతపెట్టకండి" అంది. "ఆయనకి భయం."

వెక్కిరింత కాదు, కోపం కాదు. ఆయనకి పాలు పడవు అని చుట్టాలింట్లో ముందుగా చెప్పినట్టు చెప్పింది, ఆయన మేలు కోరే చెప్పింది. వస్తానని అనడానికి సుత్తాయన నోరు తెరిచాడు. ఆ ఒక్క మాటా అనుంటే ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చేదే. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ, "టైర్లలో గాలి ఇసుకలోకి దిగే ముందు తగ్గించుకోండి" అన్నాడు.

"మందులు వేళకి వేసుకోండి" అంది ఆవిడ. "గ్యాసు కట్టెయ్యడం మరిచిపోకండి."

ఇంజను లేచింది. బండి రెండడుగులు ముందుకు కదిలి, వీధి మలుపు దాకా నెమ్మదిగా వెళ్ళి, అక్కడ ఒకసారి హారను కొట్టి తిరిగిపోయింది. ఎన్నో బళ్ళ చప్పుడు విన్న చెవి గనక, మిగతావాళ్ళకి వినబడటం మానేశాక కూడా ఆయనకి ఇంకా చాలాసేపు వినబడుతూనే ఉంది. ఎక్కడా శ్రుతి తప్పలేదు. ఆ తరవాత అదీ ఆగిపోయింది.

వీధిలో చెక్కదిమ్మ ఉన్నచోటే ఉంది, చక్రం ఆనిన పక్క మీద టైరు గాడుల అచ్చు ఇంకా తడిగా ఉంది.